ఆగితే ఎవరొస్తారు

పోపులో ఒక ఆవగింజ ఎగిరాక ఇంకోటి ఎగరడానికి మధ్య ఎంత సేపు పడుతుందో ఎవరైనా గమనిస్తారా, లేక తనే ఇలాంటి పనికిమాలిన వాటికల్లా ముచ్చటపడిపోతుందా, ఎమ్మెస్సీ చదివి పెళ్లి చేసుకుని ఖరగ్‌పూర్ వచ్చి గరిటె పట్టుకుని మూకుడు వంక నవ్వుతూ నిలబడ్డ కోడల్ని చూస్తే అత్తయ్య ఏమనుకుంటుందో అని ప్రణవి అనుకుంటూ ఉండగానే గట్టు మీద ఫోను గుర్రుమంది, అనిరుధ్, సెలూన్‌కి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వచ్చేసింది అని, పక్కన రెండు చప్పట్ల బొమ్మలు, కిటికీలోంచి చూస్తే మనిషి పెరట్లోనే ఉన్నాడు, బొప్పాయి చెట్టు కింద నిలబడి ఫోను జేబులో పెట్టుకుంటున్నాడు, నాలుగు అడుగులు వేసి లోపలికొచ్చి చెప్పొచ్చు కదా, అయినా గోడకి అటువైపు నించి మెసేజ్ పెట్టే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు, ఆవాలు మాడిపోయాయి, మాడితే మాడాయి, ఫిట్‌నెస్ వచ్చేసింది, సెలవు ఎలాగూ పెట్టి ఉంది, ఇంక చిల్కా సరస్సే, ఇద్దరే, ఇంకెవరూ లేకుండా ఇద్దరే.

సెలూన్ అంటే ఒకప్పటి స్కూలు బస్సు, అనిరుధ్, మామయ్య నాగభూషణం గారు కలిసి రెండు చలికాలాలు కష్టపడి సీట్లన్నీ పీకేసి దాన్ని ఇల్లుగా మార్చారు, వెనక ఇద్దరు పడుకునే మంచం, మధ్యలో మడతబల్ల, పక్కన పొయ్యి, తిప్పగానే ఎక్కిళ్లు పెట్టి ఆ తరవాత నీళ్లిచ్చే బుల్లి కుళాయి, రైల్వేలో పెద్ద అధికారులు తనిఖీకి తిరిగే ఇల్లులాంటి పెట్టెని సెలూన్ అంటారు కాబట్టి ఈ రైల్వే ట్రాఫిక్ కాలనీ అంతా దీనికీ ఆ పేరే పెట్టేసింది, పెళ్లిచూపుల్లో అతను మొదట చూపించింది తన ఫోటో కాదు దీని ఫోటో, ఆమె దీన్ని చూసే ఒప్పుకుందని చెల్లెలు ఇప్పటికీ ఏడిపిస్తుంది, అందులో కొంచెం నిజం కూడా ఉంది, మసాలా డబ్బాలు కుదుపులకి కింద పడకుండా అలమరకి అడ్డంగా ఒక సన్నటి ఇత్తడి కడ్డీ ఉంది చూడు, ఆ కడ్డీ పెట్టాలని తోచిన మనిషి మంచివాడే అయ్యుంటాడని అప్పుడే అనుకుంది, మంచివాడే, వర్క్‌షాప్‌లో ఇంజనీరు, కాలనీలో ఎవరింట్లో ఫ్యాను ఆగినా ముందు ఇతన్నే పిలుస్తారు, నవ్విస్తాడు, పాడతాడు, కానీ ఈ క్వార్టర్ రెండు గదులది, ఒకదాన్లో అత్తయ్య మామయ్య, ఇంకోదాన్లో తామిద్దరూ, మధ్యలో తలుపు బదులు పూల కర్టెన్, పెళ్లయి మూడు నెలలు దాటుతున్నా అతనితో కూర్చుని తాపీగా, తొందర లేకుండా, నీకు చిన్నప్పుడు ఏమంటే భయం అని అడిగినంత మాట కూడా ఇంతవరకు కుదరలేదు, కర్టెన్ ఉంది కదా, కర్టెన్ వల్లే, చిల్కా ఒడ్డున బండి ఆపుకుని నాలుగు రోజులుంటే అన్నీ కుదురుతాయి, ఆ నాలుగు రోజుల కోసమే ఆమె ఎండల్లో కర్టెన్లు కుట్టింది, కొక్కేలు తగిలించింది, ఆ నాలుగు రోజుల్లో ఈ మనిషి ఎవరో తెలుస్తాడు.

పెరట్లోకి వెళ్లేసరికి మామయ్య అప్పుడే చెక్క దిమ్మలు మోస్తున్నారు, బండి జారిపోకుండా చక్రాల కింద పెట్టేవి, ఏటమ్మా, ఫిట్‌నెస్ వచ్చినాదంట గదా, వస్తే మాత్రం ఏటి, కాగితం మీద ఫిట్టయితే సరిపోద్దా, రోడ్డు మీద ఆగిపోనాదనుకో, ఎవుడొస్తాడు, అని దిమ్మ కింద పడేసి నడుం పట్టుకున్నారు, ఈ ఇంట్లో ఈ ప్రశ్న వినని రోజు లేదు, ఆయన ఉద్యోగమంతా పట్టాలు తప్పిన చోటికి వెళ్లే సహాయ రైల్లో గడిచింది, ఎక్కడో బోగీ పడిపోతుంది, షెడ్డులో హూటర్ మోగుతుంది, అది మోగితే తింటున్నవాడు కంచం ముందు నించి, స్నానం చేస్తున్నవాడు నురగతో లేచి పరిగెత్తాల్సిందే, ఈ కాలనీలో పుట్టిన పిల్లలకి ఆ కూత జోలపాట లాంటిది, పట్టాల పక్క స్తంభం నంబరు చెప్తే చాలు, క్రేను, మనుషులు, వంటవాడితో సహా అక్కడికి చేరిపోతారు, పట్టాల మీద ఆగిపోయినవాడు ఎప్పుడూ ఒంటరివాడు కాడు, అదీ వీళ్ల నమ్మకం, రోడ్డు మీద ఏ స్తంభం నంబరు సెప్తావమ్మా, అంటారు మామయ్య, కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ వెళ్తానండీ మామయ్యా అంటే, బెంగాలీలో ఉంటే ఏటి సేస్తావు, అంటారు, నేర్చుకున్నాను అంటే, ఒడియాలో ఉంటే, అంటారు, ఇంక నవ్వకుండా ఎలా ఉండటం, ఆయన కూడా నవ్వుతారు కానీ నవ్వుతూనే వెళ్లి ఇంకో గొలుసు తెచ్చి పెడతారు, ఇప్పటికే బండి కడుపులో గొలుసు, ఇనుప కడ్డీ, ఇంజను ఆగిపోతే బ్రేకులకి గాలి అందించడానికి గొట్టం, ఎర్ర త్రికోణాలు, జాకీ, గేరుపెట్టె చెడిపోకుండా లాగే ముందు కింద షాఫ్టు విప్పడానికి పానాలు, వాటి మధ్యలో ఎక్కడో ఆమె నాలుగు చీరలు, ఒక కొత్త దుప్పటి, దాని మీద పసుపు పువ్వులు, వాటిని తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లంతా గిలిగింతే.

గొలుసు చూస్తే మళ్లీ నవ్వొస్తోంది, మొదటిసారి లాగి చూసిన రోజు, ఆగిపోయిన పెద్ద బండిని ఎలా లాగాలో ముందే చేసి చూసుకోవాలన్నాడు అనిరుధ్, కాలనీ మైదానంలో, సుందర్ రాజు బాబాయ్ ఇంకా సర్వీసులోనే ఉన్నాడు, సహాయ రైల్లో మామయ్యకి పాత జోడీ, ఎవరిదో లారీ తెచ్చాడు, జనం తమాషా చూడటానికి వచ్చేశారు, ఆదివారం కదా, ఒరే అనిరుధ్, కొక్కెం బిగించీసినాను, గొట్టం కలిపీసినాను, కళాసీ పని మర్చిపోనేదురా మీ బాబాయ్, లాగించీ, అని బాబాయ్ పచ్చ చేతిగుడ్డ ఊపాడు, లారీ కదిలింది, అందరూ కొక్కెం వంకే చూస్తున్నారు, బిగువు బాగుందా లేదా, గొట్టం ఊడిందా లేదా, మామయ్య వంగి చూస్తున్నారు, అనిరుధ్ వంగి చూస్తున్నాడు, పెద్దవాళ్లందరూ గంభీరంగా వంగి నడుస్తున్నారు, లారీ మలుపు తిరిగింది, బస్సు తిరగలేదు, నేరుగా వెళ్లిపోయి గొలుసు తెంపుకుని, కాలనీ పూజకి తెచ్చి పేర్చిన వెదురు కుప్పలో ముక్కు దూర్చి ఆగింది, అప్పుడు ఎవరికో తట్టింది, స్టీరింగు దగ్గర ఎవరూ కూర్చోలేదని, ఇంతమంది ఇంజన్లు తెలిసినవాళ్లు, ఒక్కడికి కూడా తోచలేదు, జీవితమంతా లాగినది లాగినట్టు వెనకాలే వచ్చే వాటితో బతికినవాళ్లు మరి, పట్టాలే తిప్పుతాయి, పెట్టెలో ఎవరూ కూర్చుని తిప్పక్కర్లేదు, హవా సే చలేగా క్యా రాజూ దా, గాలికే నడుస్తుందా ఏంటి, అని ఎవరో అరిస్తే మైదానం మైదానమంతా నవ్వింది, అనిరుధ్ కడుపు పట్టుకుని నవ్వాడు, అందరి భుజాల మీదా చేతులేశాడు, మామయ్యని వెక్కిరించాడు, తనని తనే వెక్కిరించుకున్నాడు, ఎంత అందంగా ఉన్నాడో ఆ రోజు, చూస్తూ ఆమె అనుకుంది, ఈ నవ్వులో సగం, వద్దు, పావు వంతు తనొక్కదానికే దొరికితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

దొరికే రోజు ఒకటి వచ్చింది కదా, వానాకాలం మొదట్లో, ఊళ్లో ఇందా పేట దాటి పెద్ద రోడ్డెక్కి బేల్దా ఊరి వైపు ఊరికే ఒక చుట్టు తిప్పి తెద్దామని ఇద్దరే వెళ్లారు, బండి నిజంగానే ఆగిపోయింది, బెల్టు తెగింది, అతను బండిని పక్కకి తీసి దిమ్మలు పెట్టి త్రికోణాలు పెట్టి లాగే బండి వాడికి ఫోను చేశాడు, చిన్న క్రేన్లు దీన్ని ఎత్తలేవు, పెద్దది రావాలి, ఆలస్యమవుతుంది దాదా అన్నాడు అవతలివాడు, ఠీక్ హై అన్నాడు ఇతను, ఆ ఠీక్ హై విని ఆమెకి లోపల ఎంత సంతోషమో, ఆలస్యమవుతుందట, మొదలైంది వాన, పైన రేకు మీద చినుకులు పడుతుంటే లోపల ఉన్నవాళ్లకి అది ఎంత దగ్గరగా వినిపిస్తుందో, రోడ్డుకి అటు నాట్లు వేసిన పొలం, ఇటు యూకలిప్టస్ చెట్ల వాసన, ఆమె మడతబల్ల దింపి టీ పెట్టి మరమరాల్లో ఉల్లిపాయ తరిగి ఆవనూనె చుక్క వేసి కలిపి రెండు పళ్లేల్లో పెట్టింది, కూర్చోండి, అంది, కూర్చున్నాడు, టీ బాగుంది అన్నాడు, కిటికీలోంచి వెనక రోడ్డు చూశాడు, ఆమె అంది, నిజంగా అనాలనుకుని అంది, ఆ క్రేను సాయంత్రం దాకా రాకపోతే బాగుణ్ణు కదండీ, అని, అప్పుడు అతను ఆమె వంక చూసిన చూపు, అపశకునం మాట విన్నవాడు చూసినట్టు, త్రికోణం గాలికి పడిపోయిందేమో చూసొస్తా అని వానలోనే దిగిపోయాడు, పడిపోలేదు, ఆమెకి కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది, నిలబెట్టిన చోటే ఉంది, అతను దాన్ని ఎత్తి కొంచెం దూరంగా పెట్టాడు, మళ్లీ ఎత్తి ఇంకొంచెం ఇవతలికి పెట్టాడు, తడిసిపోతున్నాడు, రండి అని పిలిచింది, వస్తున్నా వస్తున్నా అన్నాడు, చెట్టు కింద నిలబడి ఫోను తీశాడు, నాన్నా, నువ్వూ బాబాయ్ వచ్చేయండి, ఏం లేదు, ఊరికే, తోడుగా, మామయ్య, బాబాయ్ స్కూటర్ మీద రెయిన్‌కోట్లు వేసుకుని దిగేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది, బండెక్కాడు, గట్టిగా నవ్వాడు, బాబాయ్, మా ఆవిడ చేతి మరమరాలు తిన్నావంటే ఇంక పిన్ని వంట ముట్టవు, అన్నాడు, ఆమె ఇంకో రెండు కప్పుల్లో టీ పోస్తూ గర్వపడింది, మా ఆవిడ అన్నాడు, అందరి ముందూ అన్నాడు, ఆ రోజంతా ఆ ఒక్క మాటే చప్పరించుకుంటూ గడిపింది, ఎంత పిచ్చిది, ఆ మాట అన్నప్పుడు అతను చూసింది బాబాయ్ వంక.

ఎందుకు ఇవన్నీ ఇప్పుడు గుర్తొస్తున్నాయి, శుభవార్త వచ్చిన రోజున, వంటింట్లో అత్తయ్య చంద్రకళ గారు మాడిన పోపు పారబోసి కొత్తది పెడుతున్నారు, ఓలమ్మా, ఏటే పిల్లా అంత ఆలోసన, పెయాణం సంబరం మనుసుల్నిలా సేసీద్దేటి, అని నవ్వారు, అత్తయ్యా, వీరు చిన్నప్పుడు కూడా ఇంతేనా, ఎప్పుడూ పదిమంది ఉండాలా అని ఏదో మాటకి మాటగా అడిగింది, ఆడా, ఒక్కడూ గదిలో కూకుంటే ఊపిరాడదు ఆడికి, మీ మావయ్య పోలికే గదా, అని ఆవిడ గరిటె తిప్పుతూ మామూలుగా, కూరలో ఉప్పు గురించి చెప్పినంత మామూలుగా చెప్పారు, మా పెళ్లయిన కొత్తలో, ఇదే కాలనీ, అవతలి లైను క్వార్టరు, నాను ఆయనకి ఎదురుగా కూకుని ఏదో ఒకటి అడుగుతుండీదాన్ని, మీకేటి ఇష్టం, మా ఊరు బాగుందా, ఆయన గోడ మీద కాలెండరు సూస్తుండీవోడు, హూటర్ మోగీది, మోగిందంటే సాలు, మొకం ఎలిగిపోయీదే పిల్లా, నూతిలో పడినోడికి సేద అందినట్టు లేచి పరిగెత్తీవోడు, ఎక్కడో రైలు పడిపోయిందని ఊరంతా ఏడుస్తుంటే ఈయన సెప్పులు తొడుక్కోడం సూస్తే పండగే, ఇంతకాలవయినా నాకు ఆయన్ని ఏటి అడగాలో తెలీలేదు, అడగడం మానీసినాను, ఇందులో ఏటుంది, అందరు మగోళ్లూ అంతే, కొంచెం ఇంగువ అందుకో, అన్నారు, ఆమె ఇంగువ అందించింది, తమ మొదటి రాత్రి అనిరుధ్ మంచం అంచున కూర్చుని గాలి బ్రేకులు ఎలా పనిచేస్తాయో చెప్పాడు, గాలి ఉన్నంతసేపూ చక్రం తిరుగుతుంది, గాలి పోతే బిగుసుకుపోతుంది అని రెండు చేతులతో చూపించాడు, ఎంత ముద్దొచ్చాడో, మర్నాడు చెల్లెలికి ఫోను చేసి మొత్తం అభినయించి చెప్పింది, ఇద్దరూ పడీ పడీ నవ్వారు, ఆ తరవాత ప్రతి రాత్రీ కర్టెన్ వంక చూసి అమ్మావాళ్లకి వినిపిస్తుంది అనేవాడు, వాళ్లు పూరీ గేట్ దగ్గర పెళ్లికి వెళ్లి ఇంట్లో ఎవరూ లేని సాయంత్రం కూడా అతను గొంతు తగ్గించే మాట్లాడాడు, ఆ తరవాత లేచి ఎవరింట్లోనో మోటారు చూడాలని వెళ్లిపోయాడు, అప్పుడు మోటారు మీద కోపం వచ్చింది ఆమెకి, మోటారు మీద.

బయట సందడి, సుందర్ రాజు బాబాయ్ వచ్చేసినట్టున్నాడు, నవ్వులు, ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు, ఆమె మిగిలిన కర్టెన్ కొక్కేలు పట్టుకుని బస్సెక్కింది, ఎక్కినందుకే ఎంత బాగుందో ఇప్పటికీ, ఇదేం మనసు, సాయంకాలపు ఎండ పసుపు దుప్పటి మీద పడి మొత్తం బండి లోపలంతా పచ్చటి పచ్చటి వెలుగు, ఇత్తడి కడ్డీ మెరుస్తోంది, కుళాయి తిప్పితే ఎక్కిళ్లు పెట్టింది, ఇక్కడ కూర్చుంటాం, ఇక్కడ కాఫీ తాగుతాం అని ఎన్నిసార్లు అనుకుందో, కిటికీ కింద నించి అనిరుధ్ గొంతు, హుషారుగా, చిందులేస్తూ, అమ్మా, ప్రణవీ, అందరూ ఇలా రండి, ప్లాన్ మారింది, అద్భుతమైన ప్లాన్, రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం, నాన్న వస్తాడు, అమ్మ వస్తుంది, బాబాయ్‌కి సెలవు దొరికింది, అందరం కలిసి చిల్కా, బండి ఎక్కడ ఆగినా సరే, క్రేను కోసం ఎదురుచూడక్కర్లేదు, మనకి మనమే సహాయ రైలు, స్టీరింగు పట్టేవాడొకడు, షాఫ్టు విప్పేవాడొకడు, రోడ్డు మీద జెండా ఊపేవాడొకడు, హా, ఈసారి స్టీరింగు మర్చిపోం లెండి, అందరూ నవ్వారు, అత్తయ్య చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి నిజంగానేటిరా, నన్నూ తీసుకెల్తావా, ఇన్నేళ్లలో నానెప్పుడు సూసినాను సముద్రం లాంటిది, అని చిన్నపిల్లలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, ఆ మొహం చూశాక ఇంక ఎవరు వద్దనగలరు, నాన్నకి నడుం నొప్పి కాబట్టి మంచం నాన్నకీ బాబాయ్‌కీ, అమ్మా ప్రణవీ కింద పరుపు మీద, నేను డ్రైవరు సీట్లో కూర్చునే నిద్రపోతాను, నాకు అలవాటే, అని అతను పంచేస్తున్నాడు, చకచకా, ఎవరూ అడగకుండానే, చాలా ముందే ఆలోచించి పెట్టుకున్నవాడిలా, ఆమె కిటికీలోంచి వంగి చూసింది, ఎండ మొహాన పడి అతను వెలిగిపోతున్నాడు, హూటర్ ఎక్కడా మోగలేదు, అయినా వెలిగిపోతున్నాడు, అప్పుడు ఆమెకి తెలిసింది, కర్టెన్ కాదు, రెండు గదులు కాదు, మోటారు కాదు, ఇంతకాలం ఈ మనిషి గొలుసులు కొన్నదీ, కడ్డీలు చేయించినదీ, మైదానంలో లాగించి చూసినదీ రోడ్డు మీద బండి ఆగిపోతుందన్న భయంతో కాదు, బండి బాగు చేయడం అతనికి చేతనవును, ఆగిన బండిలో తనూ అతనూ ఇద్దరే మిగులుతారు, ఆమె ఎదురుగా కూర్చుని ఏదో ఒకటి అడుగుతుంది, అది అతనికి చేతకాదు, దానికే అతను ఇంతమందిని పోగు చేస్తున్నాడు, ద్వేషం లేదు, ఇంకొకరెవరూ లేరు, ఉంటే కనీసం పోట్లాడటానికి ఒక పేరు ఉండేది, మంచివాడు, ఆమెతో ఇలాగే మంచిగా ఉంటాడు, పదిమందిలో, ఎప్పటికీ పదిమందిలోనే, అత్తయ్యకి ఇన్నేళ్లు పట్టింది, తనకి మూడు నెలలే పట్టింది, చదువుకున్నది కదా, ఏం ప్రణవీ, పైనే ఉండిపోయావేం, నీకు ఓకేనా, అని కింద నించి అతను తలెత్తి అడిగాడు, చుట్టూ అందరూ తలెత్తి చూశారు, ఆమె ఇంక కొక్కేలు తగిలించలేదు, బల్ల మీద పెట్టేసింది, కిటికీ చువ్వ పట్టుకుని నవ్వింది, అందరికీ వినిపించేలాగే అంది, ఓకేనండీ, రేపు తెల్లారకుండానే లేచి అయిదుగురికీ సరిపడా చపాతీలు చేసి డబ్బాలో పెట్టేస్తాను, ఆరింటికల్లా బయల్దేరిపోదాం.